ఇంటికో సాలు, బజారుకో సాలు

అత్తమామలు పోయి చాలా ఏళ్ళయింది. కట్టుకున్నవాడు కూడా ఒక వానాకాలం జ్వరంలో పోయాడు. అయినా ఊళ్ళో అందరికీ ఆమె పెద్దకోడలే. పిల్లలు లేకపోవడంతో ఫలానావాడి తల్లి అని పిలిచే అవకాశం ఎవరికీ రాలేదు. తల నెరిసింది గాని ఆ పిలుపు మాత్రం నెరవలేదు.

ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిదికి పాలపళ్ళు ఊడుతున్నాయి. వాడికి ముద్దలు కలిపి పెట్టింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడి ఎగ్గొడితే చెవి మెలిపెట్టింది. 'చిన్నోడు' అనే పేరు ఆమె పెట్టిందే. ఇప్పుడు చిన్నోడికి నడినెత్తి బట్టతలయింది. సేద్యమంతా అతని చేతి మీదే నడుస్తోంది. ఏడేళ్ళ కూతురు కూడా ఉంది. అయినా వదిన 'చిన్నోడా' అని గుమ్మంలోంచి కేకేస్తే, చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి వస్తాడు.

ఆ రోజుల్లో కంచంలోకి వచ్చేదంతా పొలంలోంచే వచ్చేది. ఈ మాట చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. వండిపెట్టినవాళ్ళని అడగాలి. పెద్దకోడలు కోడి కూయకముందే తిరగలి ముందు కూర్చుంటే, లేచేసరికి భుజాలు తనవి కానట్టుండేవి. జొన్నలు దంచాలి, చెరగాలి, విసరాలి. ఎండాకాలం చివరికొచ్చేసరికి గాదె అడుగు కనిపించేది. అప్పుడు అత్తగారు జావలో నీళ్ళు పెంచేది. అందరికీ పలచబడేది, కోడలికి ఇంకాస్త పలచబడేది.

అందుకే బోరు పడి, నీళ్ళు వచ్చి, జొన్న చేలు పోయి కూరగాయల పందిళ్ళు లేచినప్పుడు ఊళ్ళో అందరికన్నా ఎక్కువ సంబరపడింది ఆమే. పండింది పండినట్టు వ్యానెక్కేది. ఇంట్లోకి కావలసినవన్నీ మూలమీది కొట్టునుంచి వచ్చేవి. సన్నబియ్యం, మెత్తటి పిండి, సీసాలో నూనె. తిరగలిని పెరట్లోకి దొర్లించి, బట్టలుతికే రాయి చేసుకుంది. గాదెలో ఎరువుల బస్తాలు చేరాయి. ఇంటి ఆవు పాలు పాలకేంద్రానికి పోయేవి, ఇంట్లో టీకి ప్యాకెట్ పాలు వచ్చేవి. ఇదేం చోద్యమని మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మర్చిపోయారు.

చిన్నోడి కూతురు పుట్టి పెరిగింది ఈ కాలంలోనే. కంచం ముందు కూర్చుంటే నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోయేది కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవారు. కొట్లో ప్యాకెట్ చింపిన చప్పుడు మాత్రం దానికి వీధి చివరినుంచి కూడా వినిపించేది. పసుపురంగు గొట్టాలు, ఎర్రటి కారం పూసిన రేకులు, నాలుక నీలంగా మారే సీసానీళ్ళు. వేళ్ళెప్పుడూ నూనె జిడ్డుగా ఉండేవి. నెలకోసారైనా కడుపు పట్టుకుని మంచం మీద ముడుచుకునేది. తల్లి పట్నంలో బట్టల కుట్టు కంపెనీకి పొద్దుటి బస్సులో పోయి పొద్దుగూకేవేళకి వచ్చేది. పెంపకం అంతా పెద్దమ్మదే.

ఇంకొక మార్పు కూడా వచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. పందిళ్ళ నిండా కీరదోస, చిక్కుడు వేలాడుతున్నా వాటిని ఇంట్లోకి తెచ్చుకునేవారు కాదు. వంటింటి గోడ వెనక కొన్ని సాళ్ళు విడిగా ఉండేవి. ఆ ఇంటి సాళ్ళకి మందు కొట్టరు. అక్కడి కాయ వంకరగా, మచ్చలతో, ఒక్కోసారి పురుగు తొలిచి ఉండేది. ఇల్లు అదే తినేది. బజారు సాళ్ళ కాయ నున్నగా, నిటారుగా ఉండేది. ఊళ్ళో ప్రతి ఇంటి వెనకా ఇలాగే ఉండేవి. ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

పెద్దకోడలు ఒకసారి అడిగింది. "చిన్నోడా, మనం తినని కాయని ఊరిమీదికి పంపుతున్నాం గదా?"

"మచ్చున్న కాయ మండీలో ముట్టుకుంటారా వదినా? వాళ్ళకి అందం కావాలి, ఇస్తున్నాం. కడుక్కుని తింటారులే."

ఆ జవాబు అంత నచ్చలేదు గాని, ఆమె కూడా ఇంక రెట్టించలేదు. పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు బడికి సెలవు. తోడికోడలు ఎప్పటిలాగే బస్సెక్కి వెళ్ళిపోయింది. ముందురోజు సాయంత్రం పందిళ్ళలో పురుగు కనబడితే చిన్నోడు మందు కొట్టాడు. ఒక మందుకి లొంగడం లేదని రెండు కలిపాడు. కొట్టాక కొన్నాళ్ళు ఆగి కోయాలని సీసా మీద ఉంటుంది. కాయ ఆగుతుందా? ముదిరి పసుపు తిరిగితే కొనేవాడుండడు. తెల్లారగానే కోయించి, పెట్టెలకెత్తి, రేకుల షెడ్డులో నీడకి పెట్టించాడు. మధ్యాహ్నం వ్యాను వచ్చి తీసుకుపోతుంది.

ఎండ ముదురుతుండగా పిచ్చుక కొట్టునుంచి ప్యాకెట్ పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"మళ్ళీ తెచ్చావూ? పొద్దున పెట్టింది పిల్లికి పోశావు కదే!"

"ఆకలేసింది పెద్దమ్మా."

"ఆకలేస్తే తిండి తింటారు గాని గాలి తింటారా? అందులో సగం గాలే." ప్యాకెట్ లాక్కుని అటక మీద పడేసింది. "ఇంటిచుట్టూ తోట పెట్టుకుని ఇదేం కర్మ! పో, పోయి లేత కాయ తిను. ఒంటికి మంచిది."

పిల్ల మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. పెద్దకోడలు వంటపనిలో పడింది. కాయ తినమన్నదే గాని, ఏ కాయ తినాలో చెప్పలేదు. ఆమె మనసులో ఉన్నవి ఇంటి సాళ్ళు. ఆ సాళ్ళకీ ఈ సాళ్ళకీ తేడా ఏమిటో పిల్లకి ఎవరూ ఎన్నడూ చెప్పలేదు. చెప్పుకునే విషయం కాదది.

పిచ్చుక తిరిగొచ్చి వంటింటి మెట్టు మీద కూర్చుంది. కాసేపటి తర్వాత మెల్లగా అంది, "పెద్దమ్మా, నోట్లో నీళ్ళూరుతున్నాయి."

"ఊరవూ మరి! అన్నం ఉడుకుతోంది, ఉండు."

మళ్ళీ తిరిగి చూసేసరికి పిల్ల గౌను ముందుభాగమంతా చొంగతో తడిసింది. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. లేవబోయి, మెట్టు పట్టుకుని, భళ్ళున కక్కుకుంది. కక్కిందాంట్లో పచ్చటి ముక్కలు కనిపించాయి. పెద్దకోడలు గబుక్కున ఒళ్ళోకి లాక్కుని మొహం పైకెత్తి చూసింది. కంటి మధ్యలో నల్లటి చుక్క ఆవగింజంత అయిపోయింది. పెదవి పక్కన చర్మం దానంతటదే అదురుతోంది.

"ఏం తిన్నావే తల్లీ?"

"కాయలు... నువ్వే తినమన్నావుగా."

"ఎక్కడివి?"

"షెడ్డులోవి. పెరట్లోవి వంకర్లు. అవి నిగనిగా ఉన్నాయి."

పెద్దకోడలు కొంగుతో పిల్ల మూతి, చేతులు గబగబా తుడిచింది.

"కడుక్కునే తిన్నా పెద్దమ్మా," అంది పిల్ల, తిడుతుందేమోనని భయపడుతూ.

పెద్దకోడలు పెట్టిన కేకకి చిన్నోడు షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. షెడ్డు కాయలు తిందని వినగానే బండి తీశాడు. వెనక పెద్దకోడలు, ఇద్దరి మధ్యా పిల్ల. పట్నం రోడ్డు ఎక్కేసరికి పిల్ల ఊపిరిలో బురద నీళ్ళ చప్పుడు వినబడుతోంది. చొంగ కారి పెద్దకోడలి భుజం తడిసిపోయింది. గతుకుల దగ్గర కూడా చిన్నోడు బండి నెమ్మది చేయలేదు.

"ఎండదెబ్బ అయ్యుంటుంది వదినా," అన్నాడు గాల్లోకి అరుస్తూ. "అక్కడ నువ్వేం మాట్లాడకు. నేను చెబుతా."

ఆమె పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఆసుపత్రి చిన్నది. ముందు గదిలో బల్లలు, లోపల ఆకుపచ్చ తెర, ఫినాయిలు వాసన. డాక్టరమ్మ పిల్లని చూడగానే చేతిలో ఉన్న టీకప్పు అక్కడే పెట్టేసింది.

"ఏమైంది?"

"ఎండలో ఆడిందండీ. వడదెబ్బనుకుంటా," అన్నాడు చిన్నోడు.

డాక్టరమ్మ పిల్ల కనురెప్పలు ఎత్తి చూసింది. "ఇది వడదెబ్బ కాదు. ఇంట్లో పురుగుమందుందా? తాగిందా?"

"పాపకి అందేచోట లేదండీ. తాళం వేసే ఉంటుంది." అది నిజమే. ఆ ఒక్క నిజాన్నీ అతను గట్టిగా పట్టుకున్నాడు.

"కాయలు తిందమ్మా," అంది పెద్దకోడలు. "నిన్న సాయంత్రం మందు కొట్టిన కాయలు."

చిన్నోడు చటుక్కున వదిన వైపు చూశాడు.

"ఏ మందు?"

అతను నేల చూశాడు. బయట బల్లల మీద ఇద్దరు ముగ్గురు మండీవాళ్ళు కూర్చున్నారు. పేరు బయటికొస్తే మాట ఎక్కడిదాకా పోతుందో అతనికి తెలుసు. తెర వెనక పిల్ల గురక పెట్టినట్టు గాలి లాగుతోంది.

"చిన్నోడా," అంది పెద్దకోడలు. గొంతు పెంచలేదు. "ఇన్నేళ్ళూ నీకు ముద్దలు పెట్టాను, ఎన్నడూ ఏమీ అడగలేదు. ఇప్పుడడుగుతున్నా. పేరు చెప్పు."

అతను రెండు పేర్లు చెప్పాడు.

"రెండూ కలిపా?"

"కలిపే కొట్టానండీ. మోతాదు కూడా... కాస్త ఎక్కువే."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టే తీరిక లేదు. నర్సుని కేకేసి తెర వెనక్కి వెళ్ళిపోయింది. గౌను కత్తిరించిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు, సూది మందు గుచ్చిన క్షణంలో పిల్ల సన్నగా మూలిగిన చప్పుడు వచ్చాయి. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. పెద్దకోడలు చెవి తెరకి ఆనించి నిలబడింది. మధ్యలో ఒకసారి డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకా చెప్పలేను. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గాలి," అని మళ్ళీ లోపలికి పోయింది.

అప్పుడు చిన్నోడి ఫోను మోగింది. వ్యాను డ్రైవరు.

"షెడ్డు దగ్గరున్నా. ఎవరూ లేరేంటి? పెట్టెలు ఎక్కించుకోనా?"

చిన్నోడు గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఎక్కించుకో," అన్నాడు.

పెద్దకోడలు విన్నది. మొదట తప్పుగా విన్నాననుకుంది.

"ఏం ఎక్కించుకోమన్నావు?"

"సరుకు వదినా. ఇవాళ పంపకపోతే..."

"అదే కాయ కదట్రా!"

"మెల్లగా మాట్లాడు. ఊరంతా ఇలాగే పంపుతోంది. ఎన్నేళ్ళనుంచో పంపుతున్నాం, ఎవరికేమైంది? మన పిల్ల ఖాళీకడుపుతో ఎక్కువ తినేసింది, అందుకని ఇలా అయింది. వాళ్ళు కడుక్కుని..."

"మన పిల్ల కడుక్కునే తింది."

చిన్నోడు చేతిలో ఫోను వైపు చూసుకున్నాడు.

"ఎవరికేమైందో మనకెలా తెలుస్తుంది? మనం వాళ్ళ ఇళ్ళకి పోయి చూశామా?" ఆమె చెయ్యి చాపింది. "ఫోనివ్వు."

అతను ఇవ్వలేదు. అలాగని జేబులోనూ పెట్టుకోలేదు. గుప్పిట్లో బిగించి నిలబడ్డాడు. పెద్దకోడలు మరింక అడగలేదు. ఊరినుంచి మండీకి పోయే ప్రతి వ్యానూ ఈ ఆసుపత్రి ముందునుంచే పోవాలి. ఆమె తెరవైపు ఒకసారి చూసింది. పిల్లని వదిలి కాలు కదలనంటోంది. "నువ్విక్కడే ఉండు, ఒక్క అడుగు కూడా కదలకు," అని మరిదితో చెప్పి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మెట్లు దిగి రోడ్డు మీదికి వెళ్ళింది.

నడి మధ్యాహ్నం. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. దూరంనుంచి వచ్చే ప్రతి వ్యానూ తమదేననిపించేది. రెండింటిని అనవసరంగా ఆపి తిట్లు తింది. చివరికి ఆ నీలంరంగు టాపు కనిపించింది. ఆమె చేతులు చాచి రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. వ్యాను కీచుమంటూ ఆమెకి మూరెడు దూరంలో ఆగింది.

"పెద్దకోడలా! చావాలనుందా?" డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు.

"మా పెట్టెలు దింపు."

"దేనికి?"

"దింపమన్నానా! మా సరుకు, మా ఇష్టం."

"పైన వేరేవాళ్ళవి ఉన్నాయమ్మా, ఇప్పుడెక్కడ దింపను!"

ఆమె అప్పటికే వెనక్కి వెళ్ళి తలుపు గొళ్ళెం లాగేసింది. వెనకాల బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి. డ్రైవరు సణుక్కుంటూనే దిగి, పైవాటిని జరిపి, చిన్నోడి గుర్తున్న పెట్టెలు ఒక్కొక్కటే దించాడు. చివరి పెట్టె దించాక ఆమె మిగిలిన పెట్టెల వైపు చూసింది. పక్కింటివాళ్ళవి, ఎదురింటివాళ్ళవి. అవి కూడా అంతే నిగనిగలాడుతున్నాయి.

"ఇవి కూడా..." అంది.

"ఇవి కూడా నీవేనా? జరుగు!" వ్యాను వెళ్ళిపోయింది. ఆమె చూస్తూ ఉండిపోయింది. పట్టుకోవడానికి ఆమెకి రెండు చేతులే ఉన్నాయి.

అసలు తిప్పలు అప్పుడు మొదలయ్యాయి. ఆసుపత్రి గేటు పక్కన పచ్చటి కాయలు పెట్టెలకి పెట్టెలు ఉంటే జనం ఊరుకుంటారా? ఒకాయన బేరం అడిగాడు. ఒకావిడ రెండు తీసుకుని సంచీలో వేసుకోబోయింది. పెద్దకోడలు ఆమె చెయ్యి పట్టుకుని లాగేసింది.

"వద్దమ్మా, తినకూడదు ఇవి. మందున్న కాయలు."

"రెండు కాయలకి ఇంత పిసినారితనమా!"

"పిసినారితనం కాదు తల్లీ, మా పిల్ల లోపలుంది వీటివల్లే."

కొందరు నమ్మి దూరం జరిగారు, కొందరికి నవ్వొచ్చింది. పారేయాల్సిన సరుకుకి కాపలా కాస్తూ ఆమె ఎండలో నిలబడింది. అటు ఆసుపత్రి గుమ్మంవైపు చూస్తే ఇటు ఎవడో పెట్టెలో చెయ్యి పెట్టేవాడు. లోపల పిల్ల ఉందో లేదో తెలియదు. ఎవరైనా వచ్చి పిలుస్తారేమోనని భయం, ఎవరూ పిలవలేదని ఇంకా భయం.

ఆటో దిగి తోడికోడలు పరుగెత్తుకొచ్చింది. కుట్టు కంపెనీ టోపీ ఇంకా తలమీదే ఉంది. కబురు ఎవరు చెప్పారో గాని సగమే చెప్పారు.

"అక్కా, ఏది నా పిల్ల? ఈ కాయలేంటి ఇక్కడ?"

పెద్దకోడలు దాచలేదు. ప్యాకెట్ లాక్కున్నదీ, కాయ తినమన్నదీ, తిన్నదీ అన్నీ చెప్పింది. "నేనే తినమన్నానే. ఏ కాయో చెప్పలేదు."

తోడికోడలు ఆమె మొహంలోకి చూసింది. కొడుతుందేమో అనిపించింది. కొడితే బాగుండునని కూడా అనిపించింది. తోడికోడలు లోపలికి పరుగెత్తింది.

నీడలు సాగుతున్నవేళకి చిన్నోడు గేటు దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"కళ్ళు తెరిచింది వదినా," అన్నాడు. "నీళ్ళడిగింది."

పెద్దకోడలు అక్కడే పెట్టె అంచుమీద కూలబడిపోయింది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. చిన్నోడు ఆమెని ఓదార్చలేదు. ఒక ట్రాలీ ఆటో పిలిచి, పెట్టెలు ఒక్కొక్కటే ఎత్తి పెట్టాడు. పొలం మూల గొయ్యి తీసి పూడ్చాడని తర్వాత తెలిసింది.

పిల్ల ఇంటికొచ్చింది. గొడవ ఇంటిదాకా వచ్చింది. ఆసుపత్రి బల్లల మీద కూర్చున్న మండీవాళ్ళ చెవిన అన్నీ పడ్డాయి. కొన్నాళ్ళు ఆ వీధి సరుకు ఎవరూ ముట్టలేదు. ఎదురింటాయన గుమ్మంలో నిలబడి, "మీ ఇంటి రభసకి మా కడుపులెందుకు కొట్టావమ్మా?" అని అడిగాడు. కొట్టాయన కూడా మొహం తిప్పుకున్నాడు. చిన్నోడు వదినతో మాట్లాడటం మానేశాడు. అన్నం ఎప్పుడు తిని పోయేవాడో తెలిసేది కాదు. తోడికోడలు మాత్రం ఒకరోజు బస్సుకి పోతూ పోతూ, "అక్కా, పిల్లకి రాత్రి జడ విప్పలేదు, చిక్కు తియ్యి," అంది. అంతే అంది. పెద్దకోడలికి అది చాలు.

మర్నాడు ఆమె పార పట్టుకుని వంటింటి వెనక ఇంటి సాళ్ళన్నీ పెళ్ళగించేసింది. తీగలు లాగి కుప్ప వేసింది. చప్పుడుకి చిన్నోడు వచ్చి, చాలా రోజుల తర్వాత వదినతో మాట్లాడాడు.

"అవెందుకు పీకుతున్నావు? మందు లేనివి అవేగా!"

"అందుకే. ఇక ఈ ఇంట్లో రెండు రకాల కాయ ఉండదు. వ్యానెక్కేదే కంచంలోకి వస్తుంది. నీ కంచంలోకి, నా కంచంలోకి. ఏం కొడతావో, ఎప్పుడు కొడతావో, నీ ఇష్టం."

అతను పీకిన తీగ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "పురుగు పడితే?" అని అడిగాడు.

"పురుగు తిన్నచోట కోసి పారేస్తాం. మిగిలింది తింటాం. ఇన్నాళ్ళూ ఇంట్లో తిన్నది అదేగా."

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని చెప్పలేం. మచ్చకాయకి ధర సగం పడిపోయింది. చిన్నోడు రెండుసార్లు విసిగి మళ్ళీ పురుగుమందు సీసా కొనుక్కొచ్చాడు. కోత కోసిన ప్రతిసారీ వదిన పెట్టెలోంచి పైకాయ తీసుకుని, తరిగి, మారుమాట్లాడకుండా అతని కంచంలో పెట్టేది. అలా పెడుతుందని తెలిశాక మందు కొట్టే చెయ్యి దానంతటదే తగ్గింది. కొట్టినా, ఆగి కోయడం నేర్చుకున్నాడు. వీధిలో ఒకరిద్దరు అదే దారి పట్టారు. మిగిలినవాళ్ళ ఇళ్ళ వెనక వేరే సాళ్ళు ఇంకా ఉన్నాయి.

పెద్దకోడలు ఊహించనిది పిచ్చుక చేసింది. పచ్చటి కాయ కనబడితే వెనక్కి నడిచేది. తోటలోది ఏది పెట్టినా నోరు గట్టిగా మూసేసేది. ప్యాకెట్ మాత్రమే తినేది.

"అది మంచిదా మరి?" అని అడిగింది పెద్దమ్మ.

"దానికి సీలుంటుంది కదా పెద్దమ్మా. ఎవరూ ఏమీ కొట్టలేరు."

ఆ మాట అక్కడే ఉన్న చిన్నోడు విన్నాడు. పెట్టెలోంచి ఒక కాయ తీసి, కడగకుండా, పంచె అంచుతో తుడిచి, కూతురి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. కొరికాడు, నమిలాడు, మింగాడు. పిల్ల అతని కళ్ళలోకే చూస్తూ కూర్చుంది. ఎంతోసేపు చూసి, ఏమీ కాలేదని నిర్ధారించుకుని, లేచి ఆడుకోవడానికి పోయింది. కాయ ముట్టుకోలేదు.

మర్నాడు అతను మళ్ళీ కొరికాడు. ఆ మర్నాడూ కొరికాడు. ఒకరోజు పిల్ల చెయ్యి చాచి, తండ్రి కొరికిన కాయలోంచే చిన్న ముక్క తుంచుకుంది.

ఇప్పుడు పిచ్చుక కాస్త ఒళ్ళు చేసింది. తోటలోవి తింటుంది. కాని తండ్రి ముందు కొరికి, నమిలి, మింగిందాకా నోట పెట్టదు. ఎంత పని ఉన్నా అతను ఆ వేళకి ఇంటికొచ్చి కొరుకుతాడు.